అడవిగుండ పోవు బాట – మన పొలము, మన నీరు

రైతు సోదరులకు బాట విలువను మేము చెప్పవలసిన పని లేదు. వడ్లు గాదెలో నెలల తరబడి నిలువ యుండును. పసుపు ఎండించి ఉంచినచో ఏడాదియైనను చెడదు. చెఱకు అట్టిది కాదు. చేనిలో నిలిచియున్నంత కాలము కొన్నాళ్లు ఓర్చుకొనును గాని, కత్తి పడిన క్షణమునుండి దానిలోని తీపి తఱుగ నారంభించును. నఱికిన ఇరువదినాలుగు గంటలలో మిల్లు చేరని చెఱకునకు బరువు తగ్గును, పంచదార పాలు కూడ తగ్గును. కావున చెఱకు రైతునకు బాట పొలములో ఒక భాగమే యని చెప్పవచ్చును.

ఈ సంగతి మనకు మునుపటికంటె ఇప్పుడు బాగుగా అనుభవమునకు వచ్చినది. 1923లో మొదలిడి 1931లో ముగించిన నిజాంసాగరము మంజీర నీటిని మన నేలకు తెచ్చినది. ఆ నీటిని నమ్మి చెఱకు వచ్చినది. ఆ చెఱకును నమ్మి 1937లో బోధనునకు చక్కెర కర్మాగారము వచ్చినది, దాని చుట్టు శక్కర్‌నగరు వెలసినది. చుట్టుపట్ల గ్రామములవారికి మిల్లు ఇంటి ముంగిట నున్నట్లే యుండెడిది. ఆ కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యములోనికి పోయినది, 2015 డిసెంబరులో మూతపడినది. దానిని మరల తెఱచుటకు మార్గములు వెదకుటకై రాష్ట్ర ప్రభుత్వము 2024లో ఒక సంఘమును నియమించినది. మూతపడిన పిమ్మట చెఱకును విడువజాలని రైతు కామారెడ్డి జిల్లాలోని మిల్లుల దారి పట్టవలసివచ్చినది. పెక్కుమంది చెఱకును విడిచి వరికి మరలిరి. మిల్లు దూరమైనప్పుడు బాటయైనను బాగుండవలెను. లేనిచో మిగిలిన కొద్దిపాటి చెఱకు సాగు కూడ మిగులదు.

ఇంత చెప్పుట ఎందుకనగా, మేము బాటకు విరోధులమని ఎవ్వరును తలపరాదు. బాట కావలెను. అది ఏ జాడను పోవలెననుటయే ఈ నెల మేము సభ్యుల యెదుట పెట్టదలచిన ప్రశ్న.

హైదరాబాదునుండి నర్సాపూరు, మెదకు, ఎల్లారెడ్డి, బాన్సువాడల మీదుగా బోధను చెంతనున్న రుద్రూరు వఱకు వచ్చు దారి మన పెద్దలకు చిరకాలముగ తెలిసినదే. మునుపు రాష్ట్రపు బాటగా నుండిన ఆ దారి ఇప్పుడు 765-డి అను సంఖ్యగల జాతీయ రహదారి. బోధనునుండి బాసర మీదుగా భైంసాకు పోవు 161-బిబి రహదారి పనికి 2022 నవంబరు 12వ తేదీన రామగుండములో శంకుస్థాపన జరిగినది. ఈ రెండు దారులును బాగుపడినచో మన చెఱకు, వడ్లు, పసుపు ఉత్తర దక్షిణములకు సులభముగ పోగలవు. ఇది మనకెల్ల సంతోషకరమైన విషయము.

అయితే మెదకునుండి ఎల్లారెడ్డికి వచ్చు భాగమున ఈ దారికి పోచారపు అడవి తగులును. హిమాలయ ప్రాంతమున దేవదారు, సరళ వృక్షముల నడుమ బాటలు వేయుటచే కలుగు చిక్కులను గూర్చి పత్రికలలో చదువుచుందుము. మన యడవిలో సరళ వృక్షములు లేవు. టేకు, నల్లమద్ది, తునికి, మోదుగ, ఇప్ప మున్నగునవి ఉన్నవి. చెట్టు వేరైనను చిక్కు ఒక్కటియే. పోచారపు అడవి ఒకప్పుడు నిజాము ప్రభువుల వేటస్థలము. 1952లో దీనిని వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించిరి. దీని వైశాల్యము ఇంచుమించు 130 చదరపు కిలోమీటర్లు. చిఱుత, ఎలుగుబంటి, చుక్కల దుప్పి, నీల్గాయి, నాలుగు కొమ్ముల జింక ఇందు తిరుగుచుండును. ఈ అడవి చెంతనే మంజీర ఉపనదియైన ఆలేరు వాగుపై 1922లో ముగించిన పోచారపు ఆనకట్ట కలదు. అడవిలో పడిన వాన ఆ జలాశయమున చేరును. అక్కడ పొంగి పొరలిన నీరు మంజీరలో కలిసి నిజాంసాగరమునకు వచ్చును. ఈ నీటిదారిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన. మేము చెప్పబోవునదంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

బాటను వెడల్పు చేయవలెననియు, వంపులు సరిచేయవలెననియు మాట వచ్చినప్పుడెల్ల గ్రామములలో వినబడు వాదము ఒకటి యున్నది. “బాటను అడవిలోనుండి తీసికొని పోవుడు. మా పొలము జోలికి రాకుడు. అడవి సర్కారుది, పొలము మాది” అని. ఈ మాట అనువానిని మేము నిందింపము. రెండెకరముల రైతునకు బాట క్రింద అర యెకరము పోయినచో అది వాని జీవనములో నాలుగవ పాలు పోయినట్లే. బాటకు ఒక ప్రక్కన చిన్న ముక్కయు మఱియొక ప్రక్కన చిన్న ముక్కయు మిగిలినచో, కాలువ ఒక వైపునను చేను వేఱొక వైపునను పడినచో, వాని కష్టము కాగితముపై కనబడు విస్తీర్ణముకంటె పెద్దది. అడవికి నోరు లేదు, ఓటు లేదు, పట్టా లేదు. కావున ఇట్టి సందర్భములలో అడవి వైపునకే బాటను నెట్టవలెనని తోచుట సహజము.

సహజమైనను ఆ తలంపు మనకు నష్టకరమని మేము నమ్ముచున్నాము. దానికి కారణములను క్రమముగ చెప్పెదము.

మొదటిది నీరు. నిజాంసాగరము కట్టిననాడు దానిలో నిలువదగిన నీరు ఇంచుమించు 29.7 శతకోటి ఘనపుటడుగులు, అనగా మనము వాడుకలో టీఎంసీలనునవి. 1970 దశకమున చూచునప్పటికి పూడికచే అది పండ్రెండునకు లోపడినది. పిమ్మట నీటిమట్టమును పెంచి 17.8 వఱకు తెచ్చిరి. నలువది, ఏబది ఏండ్లలో సగముకంటె ఎక్కువ జలాశయము మన్నుతో నిండిపోయినదన్నమాట. ఆ మన్ను ఎక్కడనుండి వచ్చినది? ఎగువను చెట్టు పోయి బయలైన నేలలనుండి వచ్చినది. మంజీర పరీవాహము చాల పెద్దది గావున పోచారపు అడవి యొక్కదానిచేతనే ఇది జరిగినదని గాని, ఆ యడవి యొక్కటి నిలిచినంతమాత్రమున ఆగుననిగాని మేమనము. కాని ఎగువను చెట్టుతో కప్పబడియున్న నేల మనకు మిగిలినది కొంచెమే. ఆకు రాలి పఱుపుగ పడిన నేల వాననీటిని పీల్చుకొని మెల్లగ విడుచును. చెట్టు తీసి మట్టి త్రవ్వి గట్టుగ పోసిన నేల ప్రతి వానకును కరగి వాగులో పడును. అది మొదట పోచారమునకు, పిదప నిజాంసాగరమునకు వచ్చును. కాలువ చివర నున్న మన రైతు “ఈ యేడు నీరు ఏల రాలేదు” అని అడుగునప్పుడు, దానికి ఉత్తరము కొంత ఆ యడవి గట్టున నుండవచ్చును. నేడు పొలములో ఒక కుంటను కాపాడుకొనుటకై ఎగువను అడవిని విడిచితిమేని, రేపు ఆ కుంటకు పాఱవలసిన నీటినే విడిచినవార మగుదుము.

రెండవది బాట యొక్క మన్నిక. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి, మెదకు జిల్లాలలో కురిసిన వాన ఎవ్వరును మఱవలేదు. కొన్నిచోట్ల ఒక్కదినముననే నలువది సెంటీమీటర్లకు మించి కురిసినది. పోచారపు ఆనకట్ట తన శక్తికి మించిన వరదను మోయవలసివచ్చినది. 44వ జాతీయ రహదారిపైనను రాకపోకలు నిలిచిపోయినవి, రైలుమార్గముక్రింద మన్ను కొట్టుకొనిపోయినది. ఆ వరద మనకు నేర్పిన పాఠము స్పష్టము. వాగునకు అడ్డముగ గట్టు పోసి, చిన్న తూములతో సరిపుచ్చిన బాట పెద్దవానకు నిలువదు. తెగిన బాటవలన లారీలు నిలిచిపోవును. తెగకముందు వెనుక నిలిచిన నీటివలన పొలములు మునుగును. అడవిలో క్రొత్త జాడను తీసినచో క్రొత్త గట్టు, క్రొత్త కోత, క్రొత్త తూములు తప్పవు. పాత జాడలో వాగులెక్కడ పొంగునో ఊరి పెద్దలకు తెలియును. క్రొత్త జాడలో అది మొదటి వరద వచ్చిననాడే తెలియును.

మూడవది కాలము. వంపులు తీసి సూటిగ వేసినచో దూరము తగ్గును, చెఱకు త్వరగ చేరునని చెప్పుదురు. లెక్క చూతము. అడవిలో సూటిబాట తీసి మూడు కిలోమీటర్లు తగ్గించిరనుకొందము. బరువుతో గంటకు నలువది కిలోమీటర్లు పోవు లారీకి అది నాలుగున్నర నిమిషముల ఆదా. అదే లారీ మిల్లు ద్వారమువద్ద కాటా వంతుకొఱకు ఎన్ని గంటలు నిలిచియుండునో సభ్యులకు మేము చెప్పనక్కఱలేదు. చెఱకులోని పంచదార తఱుగునది ముఖ్యముగ ఆ వరుసలో. నఱకుటకు ఇచ్చు ఉత్తరువులు మిల్లు ఆడు శక్తితో సరిపోలునట్లు చేసి, కాటావద్ద ఒక గంట తగ్గించినచో, అది పెక్కు వంపులను తీసినదానితో సమానము. దానికి ఒక చెట్టునైనను కొట్టవలసిన పని లేదు.

నాలుగవది, కొట్టినదానికి బదులు నాటుదురను మాట. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము ప్రకారము అడవి భూమిని వేఱొక పనికి ఇచ్చునప్పుడు బదులు వనమును పెంచవలెను. ఈ నియమము మంచిదే. కాని బదులు మొక్కలు నాటబడునది తఱచుగ వేఱొకచోట. ఆలేరు వాగు గట్టున కొట్టిన చెట్టునకు బదులు దూరమున నాటిన మొక్క ఆలేరు గట్టును పట్టుకొనదు. ఏబదియేండ్ల టేకు పట్టి నిలిపిన మన్నును ఒక యేటి మొక్క పట్టజాలదు. అదియుగాక తునికాకు సంగతి కలదు. నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతములలో బీడీలు చుట్టి సంసారములను నడుపు స్త్రీలు ఎందఱో మనకు తెలియును. ఆ వృత్తికి మూలమైన ఆకు అడవిలోనిది. వేసవిలో పొలము పని లేని దినములలో ఆకు కోసి నాలుగు రూపాయలు తెచ్చుకొనువారు మన కూలీ కుటుంబములవారే.

ఇతర ప్రాంతములలో ఏమి జరిగినదో చూచుట మంచిది. మన డిచ్‌పల్లి, ఇందల్వాయి, ఆర్మూరుల మీదుగా పోవు 44వ జాతీయ రహదారియే ఉత్తరమున మహారాష్ట్ర, మధ్యప్రదేశముల నడుమ పెంచ్ పులుల అడవిని దాటుచున్నది. అక్కడ న్యాయస్థానములలో వాదములు జరిగిన పిమ్మట మహారాష్ట్ర భాగమున జంతువులు క్రిందుగ పోవుటకు తొమ్మిది కట్టడములను నిర్మించిరి. వానిలో కొన్నింటి వెడల్పు 50 మీటర్లు కాగా, పెద్దది 750 మీటర్లు. వన్యప్రాణి శాస్త్రజ్ఞులు కెమెరాలు పెట్టి చూడగా పులి మొదలుకొని పదునెనిమిది జాతుల జంతువులు ఆ దారులను వాడుకొనుచున్నట్లు వెల్లడించిరి. బాటయు నిలిచినది, అడవియు నిలిచినది. హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు 765వ రహదారిపై ఆమ్రాబాదు అడవిలో రాత్రి తొమ్మిది గంటలనుండి ఉదయము ఆఱు గంటలవఱకు వాహనములను పోనీయరు. మన చెఱకు లారీలు రాత్రిపూట కూడ నడువవలసినవి గావున అట్టి నిషేధమును మేము కోరము. కాని ముందుగ జాగ్రత్తపడని చోట కడకు నిషేధమే గతియగునని గ్రహింపవలెను.

హిమాలయములందలి చార్‌ధామ్ బాట సంగతి వేఱు. 2016లో మొదలిడిన ఆ విస్తరణలో దారి వెడల్పును గూర్చి వివాదము కలిగి సుప్రీముకోర్టు వఱకు పోయినది. 2020 సెప్టెంబరులో కోర్టు అయిదున్నర మీటర్లకు పరిమితము చేసినది. సరిహద్దు రక్షణకు సైన్యము పోవలసిన దారియని ప్రభుత్వము చెప్పిన మీదట, 2021 డిసెంబరులో పది మీటర్ల వెడల్పునకు సమ్మతించినది. అంతటి కారణము చూపినగాని కొండ అడవిలో వెడల్పు దొఱకలేదు. మన మెదకు–ఎల్లారెడ్డి బాటకు సరిహద్దు లేదు, సైన్యము లేదు. మన అవసరము చెఱకు, వడ్లు, బస్సు, వైద్యశాలకు పోవు రోగి. దీనికి పాత జాడపై గట్టియైన రెండు వరుసల బాట చాలును.

అట్లయిన పాత జాడను బాగుచేయునప్పుడు దాని ప్రక్కనున్న పొలములు, ఇండ్లు కొంత పోవునుగదా యని అడుగుదురు. పోవును. దీనిని దాచుటవలన లాభము లేదు. అడవిని విడువుడని చెప్పుచు, పొలము పోవు రైతును వాని కర్మమునకు వదలుట సహకార సంఘమునకు తగదు. 2013 నాటి భూసేకరణ చట్టమునందలి పరిహార నియమములు 2015నుండి జాతీయ రహదారులకును వర్తించుచున్నవి. భూమి విలువ కట్టి, దానికి నూటికి నూఱుపాళ్లు అదనముగ ఇయ్యవలెను. బావి, చెట్టు, కట్టడము, నిలిచియున్న పంట – వీని విలువ వేఱుగ కట్టవలెను. మూడేండ్లుగ ఆ భూమిని నమ్మి బ్రతుకు కౌలుదారులను, కూలీలను ఆ చట్టము బాధిత కుటుంబములలో చేర్చినది. కాని చట్టములో నుండుట వేఱు, చేతికి వచ్చుట వేఱు. పట్టాదారు పుస్తకములో తండ్రి పేరు మాఱని రైతు, నోటిమాటపై కౌలు చేయు రైతు, కొలతలో హద్దు తప్పిన రైతు – వీరు కచ్చేరీల చుట్టు తిరిగి అలసిపోవుదురు. పరిహారము దొఱకునను నమ్మకము లేనందుననే మన రైతు “అడవిలోనుండి పోవుడు” అనుచున్నాడు. ఆ నమ్మకమును కలిగించినచో అడవిని కాపాడుట సగము సులభమగును.

కావున ఈ క్రింది విషయములను ప్రతి సంఘమును తన సభలో చర్చించి, సమ్మతమైనచో తీర్మానించి జిల్లా అధికారులకు పంపవలసినదని మేము కోరుచున్నాము.

మొదటిది: అడవి గల భాగమున బాట పాత జాడనే పట్టిపోవలెను, వంపులు తీయు నెపమున క్రొత్త కోతలు కోయరాదు. ప్రమాదకరమైన మలుపులవద్ద వేగమును తగ్గించు ఏర్పాట్లు చేయవలెను.

రెండవది: ప్రతి వాగువద్దను 2025 వరదను కొలతగ పెట్టుకొని వంతెనలు కట్టవలెను. ఆ వంతెనలనే కొంత పొడిగించి గట్టున ఎండిన త్రోవ విడిచినచో, నీరు పోవు దారియే జంతువులకును దారియగును. రెండింటికి వేర్వేఱుగ ఖర్చు పెట్టవలసిన పని యుండదు.

మూడవది: కొట్టక తప్పని చెట్లకు బదులు మొక్కలను ఆలేరు, మంజీర వాగుల ఎగువ గట్లపైననే నాటవలెను. వానిని సాకు పనిని ఆయా గ్రామములవారికి కూలి ఇచ్చి అప్పగింపవలెను.

నాలుగవది: కొలతలు ప్రారంభింపకముందే జాడ పటమును ప్రతి గ్రామ పంచాయతీ కార్యాలయమున తెలుగులో ప్రకటింపవలెను. ఆక్షేపణలు చెప్పుకొనుటకు చట్టము గడువిచ్చినది గాని, పటము చూడనివాడు దేనిని ఆక్షేపించును?

అయిదవది మన సంఘములే చేయవలసిన పని: పొలము పోవు సభ్యుల పత్రములను ముందుగనే సరిచూచి, పేరు మార్పులు, హద్దు కొలతలు పూర్తిచేయించుట, కౌలుదారులకు సాక్ష్యముగ సంఘపు అప్పు ఖాతాలను, ఎరువుల రసీదులను భద్రపఱచి ఇచ్చుట. మన పెట్టెలలోని ఈ కాగితములు ఆనాడు మిక్కిలి అక్కఱకు వచ్చును.

ఇంత కోరుటవలన బాట ఆలస్యమగునని కొందఱనవచ్చును. జాడను ముందుగ ఆలోచించుటకు నెలలు పట్టును. ఆలోచింపక మొదలిడిన పనులు అనుమతులకొఱకు, వ్యాజ్యములకొఱకు ఏండ్ల తరబడి నిలిచిపోయిన ఉదాహరణములు దేశమున కొల్లలు. సగము త్రవ్వి విడిచిన బాటపై చెఱకు బండి తోలిన రైతును అడిగినచో ఆలస్యమనగా నేమో చెప్పును.

మన తాతల కాలమున అడవి ఎగువను, చెఱువు నడుమను, పొలము దిగువను ఉండవలెనని ఎవ్వరును పుస్తకము వ్రాసి నేర్పలేదు. నీరు పాఱు తీరును చూచి తెలిసికొనిరి. బాట వేయునప్పుడును ఆ వరుసను మనము తప్పరాదు. వచ్చు నెల సభలలో దీనిని చర్చించి, సభ్యుల అభిప్రాయములను – మా అభిప్రాయమునకు విరుద్ధమైనవానిని సయితము – కార్యదర్శులు మాకు వ్రాసి పంపవలెనని ప్రార్థించుచున్నాము. తగినవానిని ఈ పత్రికయందే ప్రకటించెదము.